మందు చేరవలసిన చోటు
(శతజయంతి ఉత్సవముల ఆరోగ్య సదస్సునందు చేసిన ప్రసంగ పాఠము)



వైద్య పరిశోధనను గూర్చి ఏదైనా ఒక విషయము అందరికీ అర్థమయ్యేలాగు మాట్లాడవలెనని నిర్వాహకులు కోరారు. నేను చాలాకాలము ఎక్స్‌రే విభాగములో పనిచేసినవాడిని గనుక నాకు తెలిసిన దారినే వస్తాను. నేడు చెప్పబోయేది హిరోషి మయేదా అనే ఒక జపాను శాస్త్రజ్ఞుని పనిని గూర్చి. ఆయన 1938లో పుట్టి 2021లో గతించారు. మంచి మందు ఏది అని అందరూ అడుగుతారు. ఆ మందు శరీరములో ఎక్కడికి పోతుంది, అక్కడ ఎంతసేపు నిలుస్తుంది అని ఆయన అడిగారు. ఈ రెండవ ప్రశ్నలో ఎంత పని ఉన్నదో, దానివలన మన ఇండ్లలోని రోగులకు ఏమి కలిగిందో, ఏమి కలుగలేదో కూడా చెప్పవలెనని నా ఉద్దేశము.

వ్యవసాయము తెలిసినవారు ఇక్కడ చాలామంది ఉన్నారు. చెరువు తూము ఎత్తితే నీరు ఆయకట్టు అంతటికీ పోతుంది. ఎండిపోతున్నది చివరి మడి ఒక్కటే అయినను, దానికి నీరు అందవలెనంటే పైనున్న మడులన్నీ తడవాలి. ఒక్కొక్కప్పుడు పై మడులు మునిగిపోతాయి, చివరి మడికి మాత్రము చెంబెడు నీళ్లు కూడా చేరవు. చేతి నరములోకి ఎక్కించే మందు సంగతి కూడా ఇంతే. అది గుండెకు పోయి, అక్కడనుండి తల మొదలు కాలి గోటివరకు అంతటా పంచబడుతుంది. జ్వరపు మందైతే ఫరవాలేదు. కాన్సరు మందైతే అది విషమువంటిది. పెరిగే కణమును చంపడమే దాని పని. వెంట్రుకల కుదుళ్లు, పేగుల పొర, ఎముకలలోని మూలుగ, ఇవి కూడా ఎప్పుడూ పెరుగుతూ ఉండే కణములే. కాబట్టి జుట్టు రాలుతుంది, వాంతులు అవుతాయి, రక్తకణములు పడిపోతాయి. కణితికి చాలినంత మందు ఇవ్వబోతే మనిషి తట్టుకోలేడు, మనిషి తట్టుకొనేటంత ఇస్తే కణితికి చాలదు. కాన్సరు వైద్యులందరినీ పీడించిన చిక్కు ఇది.

ఈ కథలో మన తెలుగువారి పేరు కూడా ఒకటి ఉన్నది. 1895లో భీమవరములో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లే సంస్థయందు పరిశోధనాధిపతిగా ఉండగా, ఆయన బృందము అమినోప్టెరిన్ అనే మందును తయారుచేసింది. బోస్టను నగరములో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరుగారు దానిని రక్తకాన్సరు పిల్లలకు ఇచ్చి, 1948లో ఫలితములు ప్రకటించారు. 16 మంది పిల్లలలో 10 మందికి తాత్కాలికముగానైనా మేలు కలిగింది. అదే సంవత్సరము సుబ్బారావుగారు మరణించారు. రక్తకాన్సరు రక్తమంతటా ఉంటుంది గనుక, అంతటికీ పోయే మందు దానికి తగినదే. గట్టి కణితుల సంగతి వేరు. ఆ ఫార్బరుగారు స్థాపించిన పరిశోధన సంస్థలోనే, 1960ల చివరిలో, యువకుడైన మయేదాగారు పనిచేశారు.

ఆయన అక్కడ చేతపట్టిన మందు పేరు నియోకార్జినోస్టాటిన్. 1965లో జపానుదేశపు సెండాయ్ పట్టణములో, తొహోకు విశ్వవిద్యాలయమునందు, నకావో ఇషిదాగారి బృందము మట్టిలోని ఒక సూక్ష్మజీవి జాతినుండి దానిని కనుగొన్నది. అది ఒక చిన్న మాంసకృత్తు. దాని నిర్మాణమును మయేదాగారు, ఆయన తోటివారు విడదీసి చూచి 1972లో ప్రకటించారు. కాన్సరు కణములను చంపుటలో అది మహా చురుకైనది. అయితే రక్తములో నిలవదు. ఎలుకలకు ఇచ్చి చూస్తే కొద్ది నిమిషములలోనే సగము పోయేది. ఉన్న కొద్దిసేపూ మూలుగను దెబ్బతీసేది.

మయేదాగారు 1971లో క్యూషూ ద్వీపములోని కుమామోతో విశ్వవిద్యాలయమునకు వచ్చారు. అక్కడ ఆయన కొత్త మందును వెదకలేదు. పాత మందుకే ఒక చొక్కా తొడిగారు. స్టైరీను, మాలియిక్ ఆమ్లము అనే రెండు పదార్థములను గొలుసుగా అల్లి, ఆ గొలుసులను మందుకు అతికించారు. దీనికి స్మాంక్స్ అని పేరు పెట్టారు. ఇందువలన రెండు లాభములు కలిగాయి. మొదటిది, అది రక్తములోని ఆల్బుమిన్ అనే మాంసకృత్తును పట్టుకొని తిరుగుతుంది గనుక ఎలుకల రక్తములో సుమారు పది రెట్లు ఎక్కువసేపు నిలిచింది. రెండవది, నీటిలో తప్ప కరగని మందు ఇప్పుడు నూనెలో కూడా కలుస్తుంది. ఈ రెండవ గుణమే ఆయనను ఎక్స్‌రే గదికి తీసుకొని వచ్చింది.

ఆ నూనె ఏదో చెప్పాలి. అది మన వంటింట్లో ఉండే గసగసాలనుండి తీసిన నూనె. 1901లో ఫ్రాన్సుదేశములో మార్సెల్ గెర్బే అనే ఆయన ఆ నూనెకు అయోడిను చేర్చి, లిపియోడాల్ అని పేరుపెట్టి, మందుగా ఇవ్వడానికి తయారుచేశారు. అయోడిను పరమాణువు బరువైనది గనుక ఎక్స్‌రే కిరణములను అడ్డుతుంది. ఇరువది సంవత్సరముల తరువాత సికార్, ఫోరెస్తియే అనే ఇద్దరు ఫ్రెంచి డాక్టర్లు, ఈ నూనె ఉన్న చోటు ఎక్స్‌రే పటములో తెల్లగా కనబడుతున్నదని గమనించారు. అప్పటినుండి అది శరీరములోని దారులను చూపించే నూనె అయినది.

ఇక కాలేయమునకు వద్దాము. మన అవయవములలో దీనికి ఒక ప్రత్యేకత ఉన్నది. దీనికి రక్తము రెండు దారులలో వస్తుంది. పేగులనుండి నిర్వాహక సిర ద్వారా సుమారు ముప్పాతిక వంతు, గుండెనుండి కాలేయ ధమని ద్వారా సుమారు పాతిక వంతు. ఆరోగ్యముగా ఉన్న భాగము ముఖ్యముగా సిరమీద ఆధారపడుతుంది. కాలేయములో పుట్టిన కాన్సరు కణితి మాత్రము దాదాపు పూర్తిగా ధమని రక్తముతోనే బ్రతుకుతుంది. ఒకే పొలమునకు రెండు కాలువలు ఉండి, కలుపు మొక్కలన్నీ ఒక్క కాలువ పక్కనే పెరిగినట్లు. ఆ ఒక్క కాలువలో మందు పోస్తే, ఆ కాలువనే మూసివేస్తే, కలుపు ఎండుతుంది, పైరు మిగులుతుంది.

అయితే కడుపు కోయకుండ ఆ కాలువ దగ్గరకు చేరేది ఎట్లు? దీనికి దారి 1953లో స్వీడనుదేశపు రేడియాలజిస్టు స్వెన్ ఈవార్ సెల్డింగర్‌గారు చూపారు. ముందు సూది గుచ్చి, సూదిలోనుండి సన్నని తీగె పంపి, సూదిని తీసివేసి, తీగెమీదుగా మెత్తని గొట్టమును ఎక్కించడము. వినడానికి చిన్న ఉపాయము, గాని ప్రపంచములోని ఎక్స్‌రే విభాగములన్నీ నేటికీ దీనిమీదనే నడుస్తున్నవి. గజ్జలోని ధమనినుండి బయలుదేరి, ఎక్స్‌రే తెరమీద చూచుకొంటూ, గొట్టపు కొనను కాలేయ ధమనివరకు తీసుకొనిపోవచ్చును. అంతవరకు ఎక్స్‌రే డాక్టరు చూచి చెప్పేవాడే. ఈ ఉపాయముతో ఆయన చేతితో వైద్యము చేసేవాడు కూడా అయినాడు.

కుమామోతోలో తొషిమిత్సు కొన్నో అనే శస్త్రవైద్యులు, మయేదాగారు కలిసి, స్మాంక్స్‌ను లిపియోడాల్‌లో కలిపి, ఈ గొట్టము ద్వారా కాలేయ ధమనిలోకి పంపారు. 1983లోను, 1984లోను ఫలితములు ప్రకటించారు. నూనె చుక్కలు మంచి కాలేయమునుండి కొద్దికాలములోనే తొలగిపోయాయి. కణితిలో మాత్రము వారముల తరబడి నిలిచాయి. నూనెలో మందు ఉన్నది, అయోడిను కూడా ఉన్నది. కాబట్టి సీ.టీ. స్కానులో తెల్లగా కనబడిన చోటెల్లా మందు చేరినట్లే. తెలుపు లేని మూల ఉంటే అక్కడికి మందు చేరలేదని తెలిసి, మరల ఇవ్వవచ్చును. మందు చేరిందో లేదో కంటితో చూచి వైద్యము చేయడము అంతకు ముందు ఎంతమందికి సాధ్యమయింది చెప్పండి! 1993లో జపాను ప్రభుత్వము ఈ మందుకు అనుమతి ఇచ్చింది. అదే కాలములో ఒసాకాలో యమదా అనే డాక్టరుగారు, ఆయన తోటివారు కాన్సరు మందు ఇచ్చి కాలేయ ధమనిని మూసివేసే చికిత్సను 120 మంది రోగులకు చేసి, 1983లో ప్రకటించారు. నేటి పద్ధతికి ఇవి రెండూ పునాదులు.

కణితిలో మందు ఎందుకు నిలుస్తున్నదని మయేదాగారు ఊరుకోలేదు. మత్సుమురా అనే తన తోటివారితో కలిసి, 1986లో దాని కారణమును చెప్పారు. కణితి తొందర తొందరగా పెరుగుతుంది గనుక దాని రక్తనాళములు సరిగా కట్టినవి కావు. గండ్లు పడిన కాలువవలె పెద్ద అణువులను కూడా బయటకు వదులుతాయి. పైగా కణితిలో మురుగు పోయే దారి, అనగా లింఫు నాళముల ఏర్పాటు, సరిగా ఉండదు. లోపలికి వచ్చినది బయటకు పోలేదు. కణితికి ఉన్న ఈ లోపమునే దానిమీద ఆయుధముగా వాడవచ్చునని ఆయన చూపారు. మందును చిన్న చిన్న కొవ్వు తిత్తులలోను, గొలుసులలోను పెట్టి పంపే పరిశోధన ఈ ఆలోచనవలన ప్రపంచమంతటా విస్తరించింది.

ఇక్కడికి ఆపివేస్తే మంచి కథ అవుతుంది. కాని సగము నిజమే చెప్పినవాడినౌతాను.

ఎక్స్‌రే పటములో కణితి తెల్లగా మెరిసిపోతుంటే డాక్టరుకు సంతోషము, చుట్టములకు ఆశ. అయితే పటములో మందు చేరినట్లు కనబడటము వేరు, మనిషి ఎక్కువకాలము బ్రతకడము వేరు. ఫ్రాన్సుదేశపు డాక్టర్లు కొందరు ఈ సంగతి తేల్చుకోవలెనని 96 మంది రోగులను రెండు భాగములుగా చేసి, ఒక భాగమునకు నూనెతో మందు ఇచ్చి ధమనిని మూసివేశారు, రెండవ భాగమునకు సాధారణ సంరక్షణ ఇచ్చారు. 1995లో ఫలితము ప్రకటించారు. కణితి పెరుగుదల తగ్గిన మాట నిజమే. అయితే చికిత్స పొందినవారిలో అనేకుల కాలేయము దెబ్బతిన్నది. ఆయుష్షు పెరిగినదని చెప్పడానికి వీలులేకపోయింది.

మరి ఈ పద్ధతి వ్యర్థమా? కాదు. తప్పుడు రోగిని ఎన్నుకొంటే హాని, తగిన రోగిని ఎన్నుకొంటే మేలు. 2002లో రెండు పరిశోధనలు ఈ సంగతి తేల్చాయి. స్పెయినులోని బార్సిలోనావారు, కాలేయము ఇంకా చక్కగా పనిచేస్తున్నవారిని జాగ్రత్తగా ఏరుకొన్నారు. రెండు సంవత్సరముల తరువాత, ఈ చికిత్స పొందినవారిలో నూటికి 63 మంది, పొందనివారిలో 27 మంది బ్రతికి ఉన్నారు. హాంకాంగులో కణితులు మరి పెద్దవి. అక్కడ రెండేండ్లకు నూటికి 31 మంది, చికిత్స లేనివారిలో 11 మంది. ఈ అంకెలను రెండు కళ్లతోనూ చూడాలి. ఒక కంటికి గొప్ప మేలు. మరొక కంటికి, ఇది కణితిని అదుపులో పెట్టే చికిత్సేగాని, చాలామందిలో సమూలముగా తీసివేసేది కాదు. మయేదాగారి 1986 సూత్రము విషయములో కూడా అంతే. ఎలుకలలో అది స్పష్టముగా కనబడింది. మనుష్యులలో ఒక కణితికీ మరొక కణితికీ, ఒకే కణితిలో ఒక మూలకూ మరొక మూలకూ తేడా ఉన్నదని తరువాత తెలిసింది. దానినిబట్టి ఆయన పని చిన్నదైపోలేదు. దాని హద్దులు తెలిశాయి, అంతే.

ఇప్పుడు మన ఇండ్ల సంగతి. ఈ చికిత్స నేడు హైదరాబాదు, విశాఖపట్నము వంటి నగరములలోని పెద్ద ఆసుపత్రులలో జరుగుతున్నది. దీనిని మన డాక్టర్లు టేస్ అని పిలుస్తారు. మీ ఇంటివారికి ఎవరికైనా ఇది చెప్పినప్పుడు భయపడక మూడు ప్రశ్నలు అడగండి. కాలేయపు శక్తి దీనిని తట్టుకొనేటట్లు ఉన్నదా? ఆపరేషనుగాని, కాలేయ మార్పిడిగాని చేయదగిన దశ ఉన్నదా, దాటిపోయినదా? దీనివలన మేము ఆశించవలసినది ఏమిటి, పూర్తిగా నయమవడమా, కొంతకాలము అదుపా? కామెర్లు బాగా ముదిరి, పొట్టలో నీరు చేరినవారికి ఇది మేలుకంటె కీడు చేయవచ్చును. అటువంటప్పుడు వద్దని చెప్పిన డాక్టరు రోగిని విడిచిపెట్టినవాడు కాదు. ఎకరమో అరెకరమో అమ్మి తెచ్చిన డబ్బును ఏ ఆశమీద ఖర్చు పెడుతున్నామో తెలిసికొనే హక్కు కుటుంబమునకు ఉన్నది. చికిత్స తరువాత కొన్ని దినములు జ్వరము, కడుపునొప్పి రావచ్చునని కూడా ముందే తెలిసి ఉండటము మంచిది.

మరొక మాట. కాలేయపు జబ్బు అనగానే, ఈయన తాగుబోతు అని చెవులు కొరుక్కోవడము మన ఊళ్లలో ఉన్నది, మన సంఘములలోనూ ఉన్నది. తాగుడు కాలేయమును పాడుచేస్తుందన్నది నిజమే. అయితే జీవితములో ఒక్క చుక్క ముట్టని వారికి కూడా కాలేయ కాన్సరు వస్తుంది. హెపటైటిస్ బి, సి అనే వైరసులు దీనికి పెద్ద కారణములు. బి వైరసు పుట్టినప్పుడు తల్లినుండి బిడ్డకు సోకితే పదింట తొమ్మిదిమందిలో నిలిచిపోతుంది. పెద్దయిన తరువాత సోకితే నూటికి అయిదుగురిలో కూడా నిలవదు. అనగా, నలుబది ఏబది ఏండ్ల తరువాత బయటపడిన జబ్బుకు కారణము ఆ మనిషి పుట్టిన గంటలోనే ఉండవచ్చును. అటువంటివానిని నిందించడము ఎంత అన్యాయమో ఆలోచించండి. ఈ వైరసు పక్కన కూర్చుండుటవలన, కలిసి భోజనము చేయుటవలన, ఒకే గ్లాసుతో నీళ్లు తాగుటవలన అంటదు. పరామర్శకు వెళ్లడానికి వెనుదీయవద్దు.

అన్నిటికంటె ముందుగా చేరవలసిన మందు టీకాయే. బి వైరసును కనుగొన్నందుకు బ్లంబర్గ్‌గారికి 1976లో నోబెలు బహుమానము వచ్చింది. తైవాను 1984లో పుట్టిన పిల్లలకు టీకా మొదలుపెట్టింది. పదేండ్లలోనే అక్కడ బడి వయస్సు పిల్లలలో కాలేయ కాన్సరు దాదాపు సగానికి తగ్గినదని 1997లో ప్రకటించారు. అదే 1997లో మన హైదరాబాదులో వరప్రసాదరెడ్డిగారి శాంతా బయోటెక్నిక్స్ సంస్థ ఈ టీకాను దేశములోనే తయారుచేసి, విదేశీ టీకా ధరకంటె చాలా తక్కువకు ఇచ్చింది. 2011నుండి ఇది దేశమంతటా ప్రభుత్వ టీకాల పట్టికలో ఉన్నది. బిడ్డ పుట్టిన 24 గంటలలోగా మొదటి మోతాదు, తరువాత 6, 10, 14 వారములకు మిగిలినవి. మంత్రసాని చేతిమీదనో, ఇంట్లోనో కాన్పు జరిగితే ఆ మొదటి మోతాదే తప్పిపోతున్నది. స్త్రీల మైత్రివారు కాన్పులకు తోడు వెళ్లినప్పుడు ఈ ఒక్క సంగతి గుర్తుచేస్తే, నా ప్రసంగమునకు ఫలము దక్కినట్లే.

పెద్దవారికి కూడా ఒక మాట. ఒకసారి రక్తపరీక్ష చేయించుకొని బి, సి ఉన్నవో లేవో తెలిసికోండి. సి వైరసును కొద్ది నెలలు మాత్రలు వేసికొని పూర్తిగా పోగొట్టుకోవచ్చును. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమములో పరీక్షలు, మందులు ఉచితము. బి ఉన్నవారికి, కాలేయము గట్టిపడినవారికి డాక్టరు చెప్పినప్పుడు ఆరు నెలలకొకసారి కడుపు స్కాను అవసరము. కణితి చిన్నదిగా ఉండగా దొరికితే దానిని పూర్తిగా తీసివేయవచ్చును. కామెర్లు అనగానే పసరు మందుకు పరుగెత్తి నెలలు గడిపితే ఆ సమయము తిరిగి రాదు.

మయేదాగారు ఒక మందును పట్టుకొని దాదాపు ఇరువది సంవత్సరములకుపైగా, అది చేరవలసిన చోటికి ఎట్లు చేరుతుందని వెంబడించారు. తరువాత వచ్చినవారు, చేరిన మందు మనిషికి నిజముగా మేలు చేసినదా అని దాపరికము లేకుండ లెక్క చూచారు. ఈ రెండూ కలిసినప్పుడే వైద్యము. మన వంతు పని దీనికంటె చాలా సులువు. టీకా మన వీధి చివర ఆరోగ్య కేంద్రములో ఉన్నది. అది మన బిడ్డలకు చేరడమే మిగిలియున్నది.

 ప్రశ్నలుంటే భోజనముల తరువాత తప్పక అడగండి, నేను ఇక్కడే ఉంటాను.